ఊరికొక పంట, ఇంటికొక నేర్పు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఇస్నాపూరునందు చేసిన ప్రసంగము)



నేను పండితుడను గాను. గ్రామమున లెక్కలు వ్రాసికొని కాలము గడుపువాడను. పట్వారీల వ్యవస్థ 1984లోనే రద్దయినను, లెక్క వ్రాయువానిని మన ఊరు నేటికిని పట్వారీ యనియే పిలుచుచున్నది, నేనును పలుకుచున్నాను. మధ్యాహ్నపు తీరిక వేళలలో ఈ బీరువాల యొద్ద కూర్చుండి, ఒక ప్రక్క శబ్దరత్నాకరమును, ఒక ప్రక్క భారతమును పెట్టుకొని, గురువు లేకయే నాలుగు పద్యములకు అన్వయము చెప్పుకొనుట నేర్చినాను. కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు ఏ ప్రబంధమునో పట్టుకొందునని పలువురు తలచియుందురు. కాని నాకు నచ్చిన విషయము వేరు. పహాణీలో సర్వే నంబరునకును, శిస్తునకును ఆవల, ఏ పైరు వేసినారో వ్రాయు గడి యొకటి యుండెడిది. పెద్దలు వదలిపోయిన పాత కాగితములలో ప్రబంధములకంటె ఎక్కువగా నేను చదివినది ఆ గడినే.

పొగగొట్టముల నడుమ కూర్చుండి పంటల ముచ్చట యేల యని మీరు నవ్వవచ్చును. పాశమైలారపు కర్మాగారములు ఒక ప్రక్క, ముత్తంగి యొద్ద వలయ రహదారి మరియొక ప్రక్క, నడుమ ముంబయి రహదారి. ఈ మూటి నడుమ పైరు కనబడు ఎకరములు ఎన్ని మిగిలినవో మీకును తెలియును, నాకును తెలియును. ఆ మిగిలిన ఎకరములవారే వానాకాలమునకు ముందొకసారి, యాసంగికి ముందొకసారి వచ్చి యడుగుచుందురు: "ఏమి వేయమందువు పట్వారీ?" ఒక్కనికి చెప్పదగిన సమాధానము నాయొద్ద లేదు. అయితే ఇతర ప్రాంతముల చిన్నరైతులు ఈ ప్రశ్నకు ఎట్లు సమాధానము చెప్పుకొన్నారో, అందువలన ఎవరెట్లు బాగుపడిరో, ఎవరెట్లు చెడిరో, ఆ సంగతి ఈ గ్రంథాలయమున చదివినంత మేరకు, తిరిగి చూచినంత మేరకు చెప్పగలను.

మొదట అంకె యొకటి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము తెలంగాణమున ఒక్కొక్క కమతము సగటున ఒక్క హెక్టారు. మన లెక్కలో దాదాపు 2 ఎకరముల 19 గుంటలు. నూటికి 88 కమతములు ఐదెకరములకు లోబడినవి. ఇంత చిన్న చెక్కలో ఇంటికి కావలసినవన్నియు కొంచెము కొంచెముగా పండించుకొనవలెనా, లేక ఒక్క పంటయందే చేయి తిరిగి, మిగిలినవి అంగడిలో కొనుక్కొనవలెనా? ఈ యొక్క ప్రశ్న చుట్టే ఇప్పుడు నేను తిరుగబోవుచున్నాను.

నిజాము కాలపు మాలు లెక్కలలో నేల మూడు తెగలు. చెరువు, కాలువల క్రింద పారునది తరి. వానను నమ్ముకొన్నది ఖుష్కి. బావి క్రింద తోటలు వేసినది బాగాయతు. శిస్తు దర మూటికిని వేరువేరు. సర్కారునకు కావలసినది శిస్తే గాని, ఆ మూడు మాటలలో ఊరి స్వభావమంతయు ఇమిడియున్నది. ఏ ఊరి ఖాస్రా పహాణీయైనను, అనగా 1954-55 నాటిది, తెరచి చూడుడు. తరి యెక్కువైన ఊరిలో పైరు గడినిండ వరి వరి వరి యని యుండును. ఖుష్కి యూరిలో ఒక్కొక్క సర్వే నంబరునకు ఎదుట జొన్న, కంది, పెసర, అనుము, నువ్వు అని గడి చాలక అంచులలోనికి పోయియుండును. ఆ యంచులలోని చిన్నచిన్న అక్షరములను చూచి వ్రాసినవానిని విసుగుకొనుట తగదు. నీరు లేనిచోట రైతు భయమెంతటిదో అవి చూపుచున్నవి. ఒకటి పోయినను ఒకటి దక్కునని అతడన్నియు చల్లినాడు.

ఈ నేల విభజన నిజాముతో పుట్టినదియు గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమున సీతాధ్యక్షుని ప్రకరణము కలదు. సీత యనగా ఇచ్చట రాజుగారి సేద్యపు భూమి. అందాయన నది నురుగు కొట్టు ఒడ్డులకు తీగకాయలును, వరద పారి తీసిన తావులకు పిప్పలి, ద్రాక్ష, చెరకును, బావుల చెంతకు కూరలు, దుంపలును, తడి యారని పల్లములకు పచ్చి పైరులును తగునని చెప్పినాడు. ఏ చోట ఏది యని అంత నిక్కచ్చిగా చెప్పినవాడు మరియొక మాట గూడ చెప్పినాడు. వరి మొదలైనవి ఉత్తమమట, కూరగాయలు మధ్యమమట, చెరకు అన్నిటికంటె హీనమట. కారణము, చెరకునకు ఉపద్రవములు మెండు, ఖర్చు మెండు. రెండువేల యేండ్ల క్రిందటి ఆ మాట ఎంత నిజమో బోధనువారిని అడిగిన చెప్పగలరు. ఆ కథ ముందున్నది.

కవులును దీనిని గమనింపకపోలేదు. శ్రీనాథుని పేర చెప్పుకొను చాటువులలో పలనాటి జొన్నకూటిపై ఆయన విసుగు మీకందరికిని తెలిసినదే. సన్నబియ్యపు అన్నము మరగిన నాలుకకు జొన్న రుచింపలేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు ఇట్టి పద్యములనుండియే తెలుగువారి తిండిని, బట్టను, సేద్యమును ఏరికూర్చి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వ్రాసినారు. ఆ గ్రంథము 1949లో వెలువడినది. 1930లో మన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవారును ఆయనయే. చాటువులను చదివి నవ్వినవారు పలువురుందురు గాని, అందులో పైరు గడిని చూచినవారు వారొక్కరే. అయితే శ్రీనాథునితో నాకొక తగవు కలదు. జొన్న పలనాటివారి తెలివితక్కువ కాదు. ఆ నేలకు, ఆనాటి వానకు అదియే తెలివి.

ఇక నేటి తెలుగునేలను కన్నులు మూసికొని తలచుకొన్నను ఊరి పేరుతో పంట పేరు వచ్చును. కోనసీమ కొబ్బరి, కడియపులంక పూలమొక్కలు, మదనపల్లె టమాట, గుంటూరు మిరప, అనంతపురము పల్లి, నల్లగొండ బత్తాయి, కొల్లాపూరు మామిడి, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది. ఇన్నిటిని విప్పి చెప్పుటకు రాత్రి చాలదు. నిజామాబాదు జిల్లాను మాత్రము కొంచెము నిలిచి చూతము. ఎందుకనగా ఒక్క జిల్లాలోనే పంటపై ఆధారపడుటవలన కలుగు లాభమును, నష్టమును రెండును కనబడుచున్నవి.

ఆర్మూరు, బాల్కొండ, ఆపైన మెట్పల్లి వైపు పసుపు. జూనులో దుంప పెట్టుదురు; మరుసటి యేడు సంక్రాంతి దాటిన పిదప త్రవ్వుదురు. ఎనిమిది తొమ్మిది నెలలు నేలను, నీటిని, పెట్టుబడిని పట్టియుంచు పంట ఇది. అందు నడుమ మక్క వేసి కొంత ముందుగా రాబట్టుకొందురు. త్రవ్విన తరువాతనే అసలు పని. కొమ్ములను ఉడికింపవలెను, రోజుల తరబడి ఎండబెట్టవలెను, పిదప దొర్లించి మెరుగు పెట్టవలెను. ఉడుకు తక్కువైన కొమ్ము సరిగా ఎండదు, ఎక్కువైన రంగు చెడును. ఎంత యుడుకవలెనో పుస్తకమున లేదు. కొమ్మును గ్రుచ్చి చూచు ముసలమ్మ చేతిలో నున్నది. ఆ ముసలమ్మ ప్రక్క ఇంటి కోడలికి చూపును. ఆ కోడలు తన పుట్టింటికి పోయినప్పుడు అచ్చటివారికి చూపును. ఒక ప్రాంతమునకు ఒక పంట అలవడుటలో నేల, నీరు సగము పాలు. మిగిలిన సగము ఈ చూచి నేర్చుకొనుటయే యని నా నమ్మకము.

దీనికి అంగడి తోడగును. ఒక ఊరిలో ఒక్కడు పసుపు వేసినచో ఉడికించు కాగు అతడే తెచ్చుకొనవలెను, కూలీలకు అతడే నేర్పవలెను, అమ్ముకొనుటకు అతడే బండి కట్టవలెను. నలువది యిండ్లు వేసినచో కాగు అద్దెకు దొరకును, పని తెలిసిన కూలి జట్లు వాటంతట అవియే వచ్చును, బేరగాడు ఊరికే వచ్చును. రెండెకరముల రైతు ఒంటరిగా పెద్దవాడు కాజాలడు; ఊరంతయు ఒకే పని పట్టినప్పుడు ఊరు పెద్ద రైతగును. నిజామాబాదు రైతు తన పసుపును మహారాష్ట్రములోని సాంగ్లి వరకు తీసికొనిపోయి అమ్ముకొనగలుగుట ఈ బలమువలననే.

అచ్చటనే అంకాపూరు కలదు. ఆర్మూరు ప్రక్క పల్లె. పంటను తినుటకు గాక విత్తనమునకు పండించుట ఆ ఊరి విద్య. సజ్జ, జొన్న, మక్క విత్తనములను ఆడ వరుసలు, మగ వరుసలుగా వేసి, కలుపును, కల్తీ మొక్కను కంటితో పట్టి పీకుదురు. జీతగాండ్రను పెట్టి దూరమునుండి చేయించు పెద్ద భూస్వామికి ఇది లొంగదు. ఇంటిల్లిపాది పొలములో నడచి ప్రతి మొక్కను చూడవలెను. చిన్న కుటుంబపు సేద్యము పెద్ద సేద్యమునకంటె మేలని చూపదగినచోట్లు ఇట్టివే: విత్తనము, పసుపు, కూరలు, పూలు, పాలు. కన్ను అవసరమైనచోట కుటుంబము గెలుచును. యంత్రమే చాలినచోట ఓడును.

మరి నష్టమో? ఆ ఆర్మూరు నేలలోనే ఎర్రజొన్న పండింతురు. అది మనము తిను జొన్న కాదు. ఉత్తర దేశమున పశువుల మేతకు విత్తుకొను విత్తనము. కొనువాడు దూరదేశమున, బేరము నలుగురైదుగురి చేతిలో. కొన్న సరకునకు సొమ్ము చెల్లలేదని 2008లో రైతులు వీధిని పడగా, ఆ యలజడి ఆర్మూరులో కాల్పుల వరకు పోయినది. పసుపు రైతులును మద్దతు ధరకై, తమ పంటకొక బోర్డునకై ఏండ్లకొలది మొత్తుకొన్నారు. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదునుండి 185 మంది పోటీచేసిరి. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. అంతమంది పేర్లు పట్టించుటకు ఓటు యంత్రములను వరుసగా పేర్చవలసివచ్చినది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. ఒక్క పంటపై నిలిచిన జిల్లాకు గొంతు కూడ ఒక్కటే యగునని దీనివలన తెలియుచున్నది. ఐదారు పంటల జిల్లాలో అట్టి పోటీ నడువదు. అయితే ధర పడిపోయిన యేడు అందరి యిండ్లలోను ఒకేనాడు పొయ్యి చల్లారును. ఊరంతయు ఒకే పంట వేసినప్పుడు, చేబదులిచ్చు పొరుగువాడు గూడ చేబదులు కొరకే బయలుదేరియుండును. ఈ మాట నేను లెక్కలలో చూచి చెప్పుచున్నాను.

బోధను కథ ఇంతకంటె కఠినము. మన మంజీరపైననే 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగరము కట్టినారు. కాలువ పారగనే అచ్చట చెరకు వచ్చినది. కృష్ణా, గోదావరి జిల్లాలనుండి రైతులు వచ్చి "క్యాంపులు" అను పేరుతో కొత్త పల్లెలు కట్టుకొన్నారు. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము నెలకొల్పబడినది. శక్కర్‌నగరమను పేట లేచినది. నీరు, నేల, నేర్పు, అంగడి, నాలుగును కుదిరిన చోటు అంతకంటె మరియొకటి యుండదని పించెడిది. కాని చెరకు కోసిన గంటల లెక్కన రసము తగ్గు పంట. దానిని సాంగ్లి వరకు తీసికొనిపోవుటకు వీలులేదు. ప్రక్కనున్న గానుగ ఒక్కటియే దాని అంగడి. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. నాలుగింట నాలుగవది ఊడగనే మిగిలిన మూడును ఉండియు లేనట్లే యైనవి. రైతులు వరికి మరలినారు. కౌటిల్యుడు చెప్పిన ఉపద్రవములలో గానుగ మూతపడుట యున్నదో లేదో గాని, చేర్చదగినదే.

ఇక మన సంగారెడ్డి జిల్లా. పడమటగా జహీరాబాదు, కోహీరు వైపు నడచినకొలది నేల యెత్తగును, ఎర్రబడును. చలికాలమున చలి హెచ్చును. అందువలన అచ్చట ఆలుగడ్డ, అల్లము కుదిరినవి. ఆలుగడ్డ విత్తనమును ఉత్తరాదినుండి తెప్పించుకొందురు. కోహీరు జామ పేరు వినని అంగడి హైదరాబాదున లేదు. చెరకును కలదు. నల్లరేగడి వైపు జొన్న, శనగ, కంది, పత్తి. ఒకే తాలూకాలో గట్టు దాటిన పంట మారును.

అచ్చటనే, అదే యెర్రనేలలో, దీనికి పూర్తిగా ఎదురు దారిని నడచినవారున్నారు. జహీరాబాదు ప్రక్కన పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు. వీరిలో అధికులు దళితులు, అరెకరము, ఎకరము చెలకలు గలవారు. ఒక్క చెక్కలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, నువ్వు, పుంటి, ఇరువది తీరులు కలిపి విత్తుదురు. విత్తనములను బుట్టలలో బూడిద, వేపాకుతో దాచుకొందురు, ఒకరికొకరు ఇచ్చుకొందురు. ఏటేట పాత పంటల జాతర పేర ఎడ్లబండ్లపై ఆ విత్తనములను ఊరూర ఊరేగింతురు. నేను చెప్పిన ఖుష్కి ఊరి పహాణీలో గడి దాటి అంచునకు పోయిన అక్షరములు ఇవే. ఒక్క పంట నేర్పరితనము గొప్పదేయైనను, అన్ని పంటల నేర్పరితనము దానికి తీసిపోదు; అమ్ముడు లెక్కలో అది కనబడదు, తిండి లెక్కలో కనబడును.

మన పొరుగున పటాన్‌చెరువున 1972లో నెలకొన్న ఇక్రిశాటు సంస్థవారు ఈ విషయమునే మరియొక విధముగా పరిశీలించినారు. 1975లో ఆరు పల్లెలను ఎన్నుకొన్నారు: పాలమూరు జిల్లాలో ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రమున నాలుగు. మనుష్యులను ఆ పల్లెలలోనే కాపురముంచి, ఇంటింటి జమాఖర్చులను, ఏ చెక్కలో ఏ పైరు, ఎవరి కూలి యెంత, అన్నియు ఏండ్ల తరబడి వ్రాయించినారు. ఇటువంటి పని చూచినప్పుడు నా వంటివానికి ఒడలు పులకరించును. దానివలన తేలినదేమనగా, మెట్ట రైతు మూఢుడై గాక లెక్క చూచుకొనియే పంటలు కలుపుచున్నాడు. చెక్కలను దూరదూరముగా ఉంచుకొనుచున్నాడు. వాన ఒక చేను తప్పినను మరియొక చేనుపై పడును. నీటి పూచీ లేనిచోట ఒక్క పంటను నమ్ముట ఎట్టిదో 1997-98లో వరంగల్లు పత్తి రైతులు ప్రాణములిచ్చి చూపినారు. పురుగు మందులకు లొంగలేదు, అప్పు వాయిదాలకు లొంగలేదు. దీనిపై ఇంతకంటె పెంచి మాట్లాడుటకు నాకు నోరు రాదు.

ఇప్పుడు మన ఊరికి వత్తును. అంతకుముందు ఒక జర్మనీ దేశస్థుని పరిచయము చేయవలెను. పేరు థ్యూనెన్. టెల్లో అను చోట పొలము కొని స్వయముగా సేద్యము చేయించుచు, ప్రతి బస్తాకును, ప్రతి గుఱ్ఱపు గడ్డికిని లెక్క వ్రాసికొన్నాడు. ఆ లెక్కలనుండియే 1826లో "ఒంటరి రాజ్యము" అను శాస్త్రగ్రంథము పుట్టినది. జమాఖర్చు పుస్తకమునుండి శాస్త్రము పుట్టగలదని ఋజువుచేసిన మహానుభావుడు గనుక నాకాయనపై ప్రత్యేకాభిమానము. ఆయన చెప్పినది: ఒక మైదానము నడుమ ఒక్క పట్టణమున్నదనుకొనుడు. పట్టణమును చుట్టి మొదటి వలయమున పాలు, కూరలు; పిదప వంటచెరకు అడవి; ఆపైన ధాన్యములు; చిట్టచివర పశువుల మేపు. త్వరగా చెడునదియు, బరువైనదియు దగ్గర, నిలువయుండునది దూరము. నేల మంచిచెడ్డలకంటె దూరమే పంటను నిర్ణయించుననుట ఆయన సిద్ధాంతము.

హైదరాబాదు చుట్టు ఈ వలయమును మనము కన్నులార చూచినాము. చేవెళ్ల, శంకరుపల్లి, మొయినాబాదు కూరలు, పూలు. ఒకనాడు పట్టణపు చుట్టును అనాబిషాహి ద్రాక్షతోటలు. పిదప పట్టణము మొదటి వలయమును తినివేసినది. తోటలుండినచోట మేడలు లేచినవి. కూరలు వెలుపలికి జరిగినవి. ఇప్పుడు వలయమనగా మనవారికి రహదారి పేరే. 1965 మొదలు మంజీర నీరును, తరువాత సింగూరు నీరును పట్టణమునకు త్రాగునీరైనవి. మన కర్మాగారముల మురుగు నక్కవాగున గలిసి, ఆ వాగు వెంట పల్లెల పొలములను, బావులను చెరచిన సంగతి 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యమయినది. నష్టపోయిన రైతులకు పరిహారము ఇప్పింపవలసినంత దూరము పోయినది. నేల ధర, నీటి కొరత, మురుగు, ఈ మూడును థ్యూనెన్ లెక్కలో లేవు. ఎకరము ధర విన్న చెవికి కూరకట్ట ధర వినబడదు. అమ్ముకొన్నవారిని నేను నిందింపను. ఆడపిల్ల పెండ్లి, పిల్లవాని చదువు, వైద్యుని బిల్లు, ఎవరి కారణము వారిది.

అమ్మక మిగిలినవారి మాట చెప్పెదను. మదనపల్లె టమాట ఒక రాత్రిలో వచ్చుచున్నది. ఉత్తరాది ఆలుగడ్డ రెండు మూడు దినములలో వచ్చుచున్నది. వానితో ఎకరము, అరెకరము గల మనము పోటీ పడుట తెలివి కాదు. లారీ దూరమును తగ్గించినది గాని ఆకు వాడుటను ఆపలేదు. పాలకూర, మెంతి, కొత్తిమీర, పుంటికూర, గంగవాయిలి, చుక్కకూర. ఇవి సాయంకాలము కోసి తెల్లవారకముందే పటాన్‌చెరువు మార్కెట్టులో ఉండవలెను. పూలును అంతే. పాలును అంతే. పారిశ్రామికవాడకు ఉత్తరాదినుండి, ఒడిశానుండి పనికై వచ్చిన వేలమంది మన గుమ్మములోనే కాపురమున్నారు; వారికి కావలసిన ఆకులు కొన్ని మన యిండ్లలో వండనివి. వారినడిగి తెలిసికొన్నవారు మనలో ఎందరు? మన ఊరికి తగిన నేర్పు ఈ వాడిపోవు సరకులోనే యున్నదని నా యభిప్రాయము. మెంతి నెల తిరుగక ముందే కోతకు వచ్చును గనుక, పసుపువలె తొమ్మిది నెలల పెట్టుబడి నేలలో పాతిపెట్టబడదు. ఒక విడత ధర పడినను మరుసటి విడతకు మార్చుకొనవచ్చును. ఒకే విద్యలోనే పది పైరులు. జహీరాబాదు అమ్మల జాగ్రత్తయు, అంకాపూరువారి చేయి తిరుగుటయు రెండును ఇందు కలియును. కాని నీరు చెడినచో ఆకుకూర ఊరి పేరే చెడును. కొనువాడు ఒక మడిని అనుమానింపడు, ఊరినంతటిని అనుమానించును. బావి నీటిని ఏటేట పరీక్షింపించుకొనుట వంతులవారీగా మనము భరింపదగిన ఖర్చు.

పైరు గడిలో పేరు మగవానిదైనను, ఆకుకూరల విద్య ఆడవారిది. ఎన్ని కాడలు కట్టకు, ఏ వేళ కోత, ఏ మడి ముందు, ఏ మడి వెనుక, ఇవి వారికే తెలియును. ఏ దస్తరమున వారి పేరు లేదు.

అమ్మకపు మాట గూడ కలదు. డెన్మార్కు దేశమున చిన్నరైతులు ధాన్యము పండించెడివారు. 1870 ప్రాంతముల తరువాత అమెరికా, రష్యాలనుండి చవుక ధాన్యము వచ్చిపడగా, వారు ధాన్యము మాని వెన్నకును, పంది మాంసమునకును మరలి ఇంగ్లండునకు అమ్మసాగిరి. 1882లో పశ్చిమ జట్లాండులోని ఒక పల్లెయందు రైతులు కూడి తమ పాలనుండి తామే వెన్న తీయు సంఘమును పెట్టుకొన్నారు. అందు ఎన్ని యావులున్నను మనిషికొక్క ఓటు. పంట మార్చినందువలన గాక, కలిసి అమ్మినందువలన వారు నిలిచిరి. దూరదేశపు మాట యని కొట్టివేయకుడు. భీమదేవరపల్లి మండలమున ముల్కనూరు సహకార సంఘమును 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించినారు. అది అప్పులిచ్చుటతో ఆగక, సభ్యులచే విత్తనపు వడ్లు పండింపించి, శుభ్రపరచి, తన పేరుతో తానే అమ్మినది. 2002లో అచ్చటి స్త్రీలు తమ పాడి సంఘమును వేరుగా నిలిపినారు. మన ఊరిలో పండ్రెండు మంది ఒకే వేళకు పన్నెండు ఆటోలలో ఒకే మార్కెట్టునకు మెంతి తీసికొనిపోయి, ఒకరి ధరను ఒకరు తగ్గించుకొనుచుండుట నేను చూచుచునే యున్నాను. ఆటో కిరాయి లెక్క మాత్రము నాకు వేలిమీద నున్నది. అడిగినవారికి చెప్పెదను, విని కోపగించుకొనకూడదు.

భారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలప్రశ్నలడుగుచు, చెరువులు నిండియున్నవా, రైతునకు విత్తనము కొదువ లేదుగదా, అప్పు ధర్మవడ్డీకే పుట్టుచున్నదా యని యడుగును. ఏ పైరు వేసిరని అడుగడు. ఆ ప్రశ్న ఊరిదే. అందుచేత కార్యదర్శిగారి యనుమతితో ఈ రజతోత్సవమునాడు గ్రంథాలయమున ఒక దస్తరము తెరచినాము. పేరు వ్రాయవలసిన పని లేదు, సర్వే నంబరు వలదు, ఎవరి యప్పును వ్రాయబడదు. ఏ పైరు, విత్తనమెచ్చట కొన్నది, ఏ దినమున విత్తినది, ఏ నీరు, ఏ దినమున కోసినది, ఆ దినమున కట్ట ధర యెంత. ఆరు గడులు. ఒక సంవత్సరము నిండిన పిదప, ఏ వారమున మెంతి మార్కెట్టును ముంచెత్తునో, ఏ వారమున దొరకదో మనమే చదివి చూచుకొనవచ్చును.

దస్తరము వార్తాపత్రికల బల్లపై నున్నది. కలము దారముతో కట్టబడియున్నది, దయచేసి త్రెంచుకొనిపోకుడు. వ్రాయలేనివారు చెప్పినచో సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది గంటల వరకు నేను కూర్చుండి వ్రాసెదను. అమ్మలు వచ్చినచో వారికి ముందు వరుస. ఈ వారము మెంతి విత్తినవారు రేపే రండు, తేది మరవకముందు.